వింత కథల రోజు: మా శాఖా గ్రంథాలయంలో పొద్దున్నించి రాత్రి దాకా

నవంబర్లో గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి కదండీ, 14 నుంచి 20 దాకా. మామూలుగా మా ఊళ్ళో ఆ వారం అంటే స్కూలు పిల్లలకి వ్యాసరచన పోటీ, ఆడవాళ్ళకి ముగ్గుల పోటీ, ఆఖరి రోజు ఒక సభ, అక్కడితో సరి. ఈసారి ఆదివారం రోజంతా వింత కథలకి ఇచ్చేశారు. పొద్దున పదింటి నుంచి రాత్రి ఏడున్నర దాకా ఉపన్యాసాలు, కథలు చదవడం, పిల్లలకి వేరేగా గంటన్నర, టికెట్ లేదు, గుమ్మం దగ్గర రిజిస్టర్లో పేరు రాస్తే చాలు. కోనసీమలో ఒక శాఖా గ్రంథాలయం ఇలాంటిది పెడుతోందంటే నాకు మొదట నమ్మకం కుదర్లేదు, నోటీసు బోర్డు మీద కాగితం చూసి లోపలికెళ్ళి అడిగి మరీ కన్ఫర్మ్ చేసుకున్నాను. మా తొమ్మిదేళ్ళ వాణ్ణీ, మా అత్తయ్యగారినీ వెంటబెట్టుకుని వెళ్ళాను.

ముందే చెప్పేస్తున్నా, ఐదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు తగ్గిందో కింద చెప్తాను, నాకైతే అది చిన్న కారణం కాదు.

పేపర్లు చదువుకునే పెద్ద గదిలో బల్లలు పక్కకి జరిపేసి ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, ఎనభై దాకా ఉంటాయి, పదకొండింటికల్లా నిండిపోయి వెనకాల బీరువాల మధ్యన కూడా జనం నిలబడ్డారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ కిటికీ పక్కన కూర్చుంటేనే గాలి. మైకు మొదటి అరగంటా కుయ్యిమంటూనే ఉంది, చివరికి మొదటి ఉపన్యాసం ఇస్తున్న మాస్టారే దాన్ని పక్కన పెట్టేసి మామూలు గొంతుతో మొదలెట్టారు. రిటైరైన తెలుగు మాస్టారు అంట, నలభై ఏళ్ళు క్లాసులో చివరి బెంచీ దాకా వినిపించిన గొంతు కదా, గది మొత్తానికి సరిపోయింది.

ఆయన గుణాఢ్యుడి కథతో మొదలుపెట్టారు. గుణాఢ్యుడు రాసిన కథల గ్రంథం బృహత్కథ పేరు నాకు తెలుసు, అది పైశాచీ భాషలో ఉండేదని తెలుసు, అసలు గ్రంథం ఇప్పుడు దొరకదని కూడా తెలుసు, కానీ దాని వెనకున్న కథని ఇలా ఎవరూ చెప్పగా వినలేదు. గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో పండితుడు. రాజుకి సంస్కృతం ఎన్నేళ్ళలో నేర్పొచ్చు అన్న పందెంలో ఓడిపోయి సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేస్తాడు. ఇక మాట్లాడటానికి భాషే లేక అడవికి పోతే అక్కడ పిశాచాల భాష చెవిన పడుతుంది, ఆ భాషలో ఏడు లక్షల శ్లోకాలు తన నెత్తురుతో రాస్తాడు. రాజు దగ్గరికి పంపిస్తే పిశాచ భాష, పైగా నెత్తురు రాత అని తిప్పి పంపేస్తాడు. అప్పుడు గుణాఢ్యుడు అగ్నిగుండం పేర్చి, ఒక్కో ఆకూ పైకి చదివి, చదివింది మంటలో వేస్తూ కూర్చుంటాడు. వినేవాళ్ళెవరంటే అడవిలో జంతువులు. లేళ్ళూ అడవిపందులూ మేత మానేసి, చుట్టూ చేరి కన్నీళ్ళు పెట్టుకుంటూ వింటాయి. అక్కడ కోటలో రాజుగారికి ఒంట్లో బాగోదు, వైద్యులు చూసి ఎండిపోయిన మాంసం తింటున్నారు కాబట్టి అంటారు, వంటవాళ్ళని అడిగితే వేటగాళ్ళు ఇలాంటిదే తెస్తున్నారంటారు, వేటగాళ్ళని అడిగితే జంతువులన్నీ మేత మానేసి కథ వింటున్నాయండీ అంటారు. రాజు పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆరు లక్షలు కాలిపోయాయి. మిగిలింది లక్ష.

హాల్లో చప్పుడు లేదు. మావాడు నా చెయ్యి లాగి “మరి కాలిపోయినవి జంతువులకి గుర్తుంటాయి కదా” అన్నాడు. వాడి గొంతు కొంచెం పెద్దది, మాస్టారికి వినపడింది, ఆయన ఒక్క నిమిషం ఆగి “బాబూ, నేను ఇన్నేళ్ళు ఈ పాఠం చెప్పాను, ఈ మాట నాకు తట్టలేదు” అన్నారు. వాడికి ఆ రోజు ఇంకేం చెయ్యకపోయినా నాకు చాలు.

ఆ లక్షలోంచే 11వ శతాబ్దంలో కాశ్మీర్లో సోమదేవుడు కథాసరిత్సాగరం రాశాడంటారు, అందులోవే మన బేతాళ కథలు, మొత్తం 25. బేతాళుణ్ణి 1870లో ఇంగ్లీషులోకి తీసుకెళ్ళిన రిచర్డ్ బర్టన్ వాంపైర్ అని పెట్టాడంట, అది తప్పు, వాంపైర్ నెత్తురు తాగుతుంది, బేతాళుడు శవంలో దూరి ప్రశ్నలు అడుగుతాడు, ఆ తేడా పట్టుకుంటే మన వింత కథ స్వభావం మొత్తం తెలుస్తుంది అన్నారు మాస్టారు. ఆలోచిస్తే నిజమేననిపించింది. శ్మశానం, అర్ధరాత్రి, భుజాన శవం, ఇంత సరంజామా పెట్టి చివరికి ఆ శవం అడిగేది న్యాయం ఎటుంది అని. తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది, చెప్తే శవం చెట్టెక్కేస్తుంది. చిన్నప్పుడు వందసార్లు చదివాం గానీ ఇలా ఎప్పుడు చూశాం?

కాశీమజిలీ కథల గురించి పది నిమిషాలే చెప్పారు, అది ఇంకాసేపు ఉండాల్సింది. మధిర సుబ్బన్న దీక్షితులు గారు రాసిన 12 భాగాలు, మణిసిద్ధుడనే సాధువు, గోపడనే పశువుల కాపరి కుర్రాడు కాశీకి నడిచి వెళ్తుంటారు, ప్రతి మజిలీలో కుర్రాడు ఏదో ఒక చోద్యం చూసొచ్చి అడుగుతాడు, సాధువు దాని వెనకున్న కథ చెప్తాడు. చోద్యం అన్న మాట దగ్గర ఆగి మాస్టారు ఒక మంచి సంగతి చెప్పారు. కరపత్రంలో వింత కథలు అని వేశారు, తప్పేం కాదు, కానీ మన ఆడవాళ్ళు ముక్కు మీద వేలేసుకుని చోద్యం అంటారే, ఆ మాటలో భయమూ ఉంది, ఆశ్చర్యమూ ఉంది, కొంచెం ఆనందం కూడా ఉంది, ఈ రకం కథలకి నేనైతే అదే పేరు పెడతాను అన్నారు. మా అత్తయ్యగారు ఇంటికొచ్చాక కూడా ఆ మాటే తలుచుకున్నారు.

రెండో ఉపన్యాసం యూనివర్సిటీలో రీసెర్చ్ చేస్తున్న ఒకమ్మాయిది, ఇంగ్లీషులో వియర్డ్ ఫిక్షన్ అనే రకం ఎలా వచ్చిందనే దాని మీద. వియర్డ్ అన్న మాట పాత ఇంగ్లీషులో విధి అనే అర్థంలో ఉండేదంట, తలరాత అంటాం కదా, అలాగ. 1923 మార్చిలో అమెరికాలో వియర్డ్ టేల్స్ అనే పత్రిక మొదలైంది, లవ్‌క్రాఫ్ట్ అనే రచయిత పేరు దాని వల్లే బయటికొచ్చింది, సముద్రం అడుగున నిద్రపోతున్న కథుల్హూ అనే మహాప్రాణి కథ 1928 ఫిబ్రవరి సంచికలో పడింది. దెయ్యం కథలో ఎవరో చచ్చిపోయుంటారు, పగ ఉంటుంది, పగ తీరితే దెయ్యం పోతుంది, లెక్క తేలిపోతుంది. ఈ కథల్లో అలా తేలదు, అక్కడున్నదానికి మనమంటే పగా లేదు ప్రేమా లేదు, మనం దాని కంటికి ఆనం అంతే, భయమంతా అక్కడే. ఇది ఆ అమ్మాయి ఇచ్చిన వివరణ, ఇంత తేలిగ్గా నేను ఎక్కడా చదవలేదు.

నాకు బాగా నచ్చింది ఏంటంటే లవ్‌క్రాఫ్ట్‌ని నెత్తిన పెట్టుకోలేదు ఆ అమ్మాయి. ఆయన పచ్చి జాతి ద్వేషి, ఉత్తరాల్లోనే కాదు కథల్లోనే ఉంది, 1924 తర్వాత రెండేళ్ళు న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌లో ఉన్నప్పుడు చుట్టూ వలస వచ్చిన పేదవాళ్ళని చూసి, వాళ్ళనే భయంకరమైన పూజలు చేసే మూకగా పెట్టి ఒక కథ రాశాడు అని సూటిగా చెప్పింది. ఆకాశం ఎంత పెద్దదో తలుచుకుని భయపడినప్పుడు ఆయన గొప్ప రచయిత, పక్కింటివాణ్ణి చూసి భయపడినప్పుడు చిన్న మనిషి అంది. ఈ మాట నోట్‌బుక్‌లో రాసుకున్నాను, సాయంత్రం దాకా నా బుర్రలో ఇదే తిరిగింది, ఎందుకో తర్వాత చెప్తాను.

పిల్లల సెషన్ పక్క గదిలో. చందమామ బైండు చేసిన పాత వాల్యూములు నాలుగు తెచ్చి పరిచారు, ముట్టుకోనిచ్చారు, అదే పెద్ద విషయం. 1947 జులైలో మొదలైన పత్రిక, 25 బేతాళ కథలు ఎప్పుడో అయిపోయినా కొత్తవి కల్పించి దశాబ్దాల పాటు వేస్తూనే ఉన్నారు, అంటే మన చిన్నప్పటి బేతాళ కథల్లో చాలావాటిని సోమదేవుడు ఎరగనే ఎరగడు. చెట్టు, కత్తి, భుజాన శవంతో విక్రమార్కుడు, ఆ బొమ్మ శంకర్ గారిది, 2020లో పోయారు ఆయన. పిల్లలకి ఆ బొమ్మ చూపించి శవం ఏం ప్రశ్న అడుగుతుందో మీరే రాయండన్నారు. మావాడు రాసింది ఇది: చెరువులో పడిన ఇద్దర్ని ఒకడు కాపాడగలడు, ఒకళ్ళు వాడి తమ్ముడు, ఇంకొకళ్ళు ఎవరో తెలీదు, తెలీనివాణ్ణి కాపాడాడు, వాళ్ళమ్మ కొట్టింది, కొట్టడం న్యాయమా? నాకు జవాబు తెలీలేదు, ఇప్పటికీ తెలీలేదు. గంటన్నర సెషన్ గంటకే ఆపేశారు, పిల్లలు లేవనంటుంటే లేపేశారు, వచ్చేసారి దీనికి కనీసం రెండున్నర గంటలు ఇవ్వాలి.

భోజనాలు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, పులిహోర, పెరుగన్నం, ఆవకాయ, ఆకులో పెట్టారు, బాగున్నాయి, అందరికీ సరిపోయాయి. ఆడవాళ్ళ బాత్రూం మాత్రం తాళం వేసి ఉంది, తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోడానికి ఇరవై నిమిషాలు పట్టింది, పొద్దున్నించి రాత్రి దాకా ప్రోగ్రాం పెట్టేటప్పుడు ముందు చూసుకోవాల్సింది ఇదే కదండీ.

మధ్యాహ్నం విశ్వనాథ సత్యనారాయణ గారి హాహా హూహూ లోంచి కొంత చదివారు. గుర్రం తలతో ఉన్న గంధర్వుడు లండన్లో ట్రఫాల్గర్ స్క్వేర్లో వచ్చి పడతాడు, సంస్కృతం మాట్లాడతాడు, అక్కడివాళ్ళకి వాడు మనిషా జంతువా తేల్చుకోవడమే పెద్ద పనైపోతుంది. వేయిపడగలు చూసి విశ్వనాథ అంటేనే జడుసుకునేవాళ్ళు దీంతో మొదలుపెట్టండి, చిన్న పుస్తకం. వెల్చేరు నారాయణరావు గారు దీన్ని ఇంగ్లీషులోకి కూడా అనువాదం చేశారు. చదివినాయన కొంచెం తొందరపడ్డారు, వాక్యం మీద వాక్యం ఎక్కేసింది, విశ్వనాథ వాక్యానికి ఊపిరి తీసుకునే చోటివ్వాలి. అయినా గంధర్వుడు తన చుట్టూ మూగిన తెల్లవాళ్ళ తెలివిని పరీక్ష చేసే చోట హాలంతా కిందా మీదా పడి నవ్వారు. త్రిపుర గారి కథ ఒకటి చదువుతామని కరపత్రంలో ఉంది, టైం లేదని తీసేశారు, దానికోసమే రాజమండ్రి నుంచి బస్సులో వచ్చానని ఒక కుర్రాడు బాధపడ్డాడు, పాపం అనిపించింది. అగర్తలాలో ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుంటూ తక్కువ కథలు రాసి ఎక్కువ కాలం నిలిచిపోయిన మనిషి, తెలుగులో ఈ దారిన నడిచినవాళ్ళలో ముందు తలుచుకోవాల్సిన పేరు, ఆయన్నే తీసేస్తే ఎలా?

తీసెయ్యడానికి కారణం కూడా చెప్పాలి. మూడింటికి ఒక పెద్దమనిషి ముఖ్య అతిథిగా వచ్చారు, శాలువాలు, బొకేలు, ఫొటోలు, ఆ తర్వాత నలభై నిమిషాల ప్రసంగం, అందులో కథల ఊసు లేదు. మనం ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు రూపాయికి ఎనిమిది పైసలు కడుతున్నాం, ఆ హాల్లో నిజమైన ముఖ్య అతిథులు కుర్చీల్లో కూర్చున్న వాళ్ళే, వాళ్ళకోసం పెట్టిన కథ తీసేయడం నాకు అన్యాయంగా తోచింది. నిర్వాహకుల ఇబ్బంది నాకు తెలుసు, పిలవకపోతే మాట వస్తుంది. పిలవండి, పది నిమిషాలు అని ముందే చెప్పండి.

నాలుగింటికి చేతబడి నవలల మీద చర్చ. రోజు మొత్తంలో నేను మర్చిపోలేనిది ఇదే.

యండమూరి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు ఇళ్ళల్లో ఎలా ఎదురు చూశారో ఒక టీచరమ్మ చెప్పారు, పత్రిక రాగానే ఎవరు ముందు చదవాలని తగువులు, చదివాక రాత్రి పెరట్లోకి వెళ్ళడానికి భయం, ఒక తరం ఆడపిల్లలకి చదివే అలవాటు ఈ నవలలే చేశాయి, వాటిని చులకన చేస్తే నేను ఒప్పుకోను అన్నారు. పక్కనే సైన్సు ప్రచారం చేసే ఒక మాస్టారు, ఆయనేమో ఆ నవలలు చేతబడి ఉందనే నమ్మకాన్ని చదువుకున్న ఇళ్ళల్లోకి కూడా తెచ్చాయని. ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు, కానీ మర్యాద తప్పలేదు. దెయ్యం రాకుండా గోడల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసుకున్న రోజులు కూడా గుర్తు చేశారు, హాల్లో సగం మంది చేతులెత్తారు, మా ఇంటి తలుపు మీద మా నాన్నగారే బొగ్గుతో రాశారు, నేనూ ఎత్తాను.

అప్పుడు వెనక నుంచి ఒకావిడ లేచారు. యాభై దాటి ఉంటాయి. మెట్ట ఊళ్ళ వైపు మనిషి, ఆ వైపు చేతబడిని చిల్లంగి అంటారు. మైకు ఇవ్వబోతే వద్దన్నారు. “మా పెద్దమ్మకి చిల్లంగి వచ్చని ఊళ్ళో పేరెట్టేశారండి. ఎవరింట్లో పిల్లకి జొరం వచ్చినా మా ఇంటేపు చూసేవోరు. బావికాడికి రానిచ్చేవోరు కాదు. ఓ రాత్రి జనం వచ్చి ఆవిణ్ణి ఈడ్చుకెళ్ళి పళ్ళు ఊడగొట్టేశారండి, పళ్ళు లేపోతే మంత్రం పలకదంట. ఆవిడ తర్వాత ఎనిమిదేళ్ళు బతికింది, నోరిప్పలేదు. మీరు చదివే కథలు బాగున్నాయి, నేనూ చదువుతాను. కానీ ఆ కథలో మంత్రగత్తె అన్నప్పుడల్లా నాకు మా పెద్దమ్మ కనపడుద్దండి.” ఇంతే చెప్పి కూర్చున్నారు.

ఎవరికీ ఏం మాట్లాడాలో తెలీలేదు. టీచరమ్మ కుర్చీలోంచి లేచి వెనక్కి వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నారు, చర్చ మిగతాదంతా అక్కడినుంచే చేశారు. సైన్సు మాస్టారు మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో ఇలాంటి దురాచారాల మీద చట్టాలు తెచ్చుకున్నాయని చెప్పి, చట్టం ఒక్కటే చాలదు, జ్వరం వస్తే వెళ్ళడానికి ఆ ఊరికి డాక్టరుండాలి అన్నారు. చిల్లంగి పేరు మోపేది ఎప్పుడూ ఒంటరి ఆడవాళ్ళ మీదే, ముసలివాళ్ళ మీదే, కాస్త పొలం ముక్క ఉన్నవాళ్ళ మీదే ఎందుకని ఒకావిడ అడిగారు, అడగడంలోనే జవాబు ఉంది.

పొద్దున ఆ రీసెర్చ్ అమ్మాయి మాట నాకు అక్కడ అర్థమైంది. బ్రూక్లిన్‌లో వలసవాళ్ళని చూసి రాసిన కథా, మెట్ట ఊళ్ళో పెద్దమ్మ మీద మోపిన పేరూ ఒకే పని చేస్తున్నాయి, కారణం తెలియని భయానికి ఒక మనిషిని వెతికి పెడుతున్నాయి. నాకు భయం కథలంటే ప్రాణం, పన్నెండేళ్ళ వయసు నుంచి చదువుతున్నా, మానను కూడా. కానీ ఇకనుంచి ఏ కథ చదివినా ఈ భయం చివరికి ఎవరి నెత్తిన పడుతోంది అని చూసుకుంటాను. ఆవిడ లేచి మాట్లాడకపోతే నేను అది చూసేదాన్ని కాదు.

సాయంత్రం ఆరింటికి ఆఖరి అంశం, ఆల్జర్నన్ బ్లాక్‌వుడ్ 1907లో రాసిన ది విల్లోస్‌కి తెలుగు అనువాదం. అనువాదం చేసిందీ చదివిందీ ఇక్కడి కాలేజీలో పనిచేసే ఒక మేడం. పెద్ద కథ, కుదించి గంటలో చదివారు. ఇద్దరు స్నేహితులు డాన్యూబ్ నదిలో చిన్న పడవ వేసుకుని వరదలో దిగువకి పోతూ వియన్నాకీ బుడాపెస్ట్‌కీ మధ్య ఒక ఇసక దిబ్బ మీద రాత్రికి ఆగుతారు, దిబ్బ నిండా విల్లో పొదలు, చుట్టూ నీళ్ళు పెరుగుతుంటాయి, తెల్లారేసరికి దిబ్బ చిన్నదైపోయింటుంది, పొదలు నిన్నటికంటే గుడారానికి దగ్గరగా ఉన్నట్టుంటాయి. ఇసకలో గరాటుల్లాంటి గుంటలు. అంతే. దెయ్యం రాదు, మంత్రగత్తె రాదు, ఎవరూ ఎవరికీ అన్యాయం చేసి ఉండరు.

మేడం విల్లో అన్న మాటని మార్చలేదు, మార్చకపోవడమే మంచిదైంది, ముందుగా మాత్రం ఒక మాట చెప్పారు, గోదావరి మధ్య లంక దిబ్బల చివర రెల్లు దుబ్బులు గాలి లేకుండా ఊగడం చూసినవాళ్ళు అదే ఊహించుకోండి అని. కోనసీమ జనానికి ఇంకేం చెప్పాలి. డాన్యూబ్ పోయి గోదావరి వచ్చేసింది గదిలోకి. నది చప్పుడు గురించి రాసిన పేరాలు ఆవిడ బాగా నెమ్మదిగా చదివారు, ఏ క్రియనీ నాటకంలా పలకలేదు, అందుకే భయం వేసింది. మావాడు నా ఒళ్ళో పడుకున్నాడు అనుకున్నా, కళ్ళు తెరిచే ఉన్నాయి.

చదవడం అయ్యాక మాట్లాడతారా అని అడిగితే, పొద్దున్నించి నోరు మెదపని మా అత్తయ్యగారు చెయ్యెత్తారు. ఆవిడ పుట్టిల్లు లంక. “ఇందులో ఆళ్ళు కల్పించిందేం లేదమ్మా” అన్నారు. 1986 ఆగస్టు వరద, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పోయిన వరద, ఆవిడ రెండు రోజులు డాబా మీద ఉన్నారంట, రాత్రి గట్టు కోసుకుపోయే చప్పుడు వినపడేది, పెద్ద పశువేదో నములుతున్నట్టు ఉండేది, తెల్లారి చూస్తే నిన్న కొబ్బరితోట ఉన్నచోట నీళ్ళు, అటువైపు ఉండాల్సిన చెట్లు ఇటువైపు దగ్గరికొచ్చినట్టు కనపడేవి, ఎందుకంటే మధ్యలో నేల లేదు. “గోదారికి మామీద కోపం లేదు, మేం ఉన్నామనే ఎరగదు, ఆ చప్పుడుకి ఇప్పటికీ మెలకువొస్తది” అన్నారు. పెళ్ళై పదకొండేళ్ళు, ఈ మాట నాకు ఎప్పుడూ చెప్పలేదు ఆవిడ. రీసెర్చ్ అమ్మాయి ముందు వరసలోంచి గబగబా వచ్చి ఆవిడ మాటలు రాసుకుంది, ఇంకోసారి చెప్పించుకుంది.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు. ఇంత మంచి రోజు పెట్టారు, జనం చేతులు చాచి ఉన్నారు, ఆ పుస్తకాలు మాత్రం ఒక్కటీ ఇవ్వలేదు. బల్ల మీద అద్దంలో పెట్టి చూపించారు, ఇష్యూ కౌంటరు మూసేశారు. ఉన్నది ఇద్దరే స్టాఫ్, ఇద్దరూ కుర్చీలు, టీలు, మైకు పనిలో పొద్దున్నించి నుంచునే ఉన్నారు, వాళ్ళని ఒక్క మాట అనను, ఇద్దరితో ఇంత ప్రోగ్రాం నడపడం మామూలు విషయం కాదు. కానీ ఆ సాయంత్రం గుణాఢ్యుడి కథ విన్న ఇంటర్ కుర్రాడు అప్పటికప్పుడు కార్డు చేయించుకుని పుస్తకం పట్టుకెళ్ళే వీలుండాలి, మర్నాటికి వాడి పని వాడికి ఉంటుంది. కొత్త మెంబర్‌షిప్ ఫారాలు కూడా లేవు. డిగ్రీ కాలేజీ పిల్లల్ని నలుగుర్ని కూర్చోబెడితే అయిపోయే పని. 1935లో కృష్ణా కాలువల్లో పడవ మీద పుస్తకాలు పెట్టుకుని ఊళ్ళ రేవులకి తీసుకెళ్ళి ఇచ్చారు మన పెద్దలు, ఇక్కడ పుస్తకానికీ మనిషికీ మధ్య పది అడుగులే ఉన్నాయి.

వచ్చే ఏడు మళ్ళీ పెడితే ఎవరెవరు వెళ్ళొచ్చంటే, ఎనిమిదేళ్ళు దాటిన పిల్లల్ని తీసుకెళ్ళండి, ఆఖరి కథకి బాగా చిన్నవాళ్ళు వద్దు. కిటికీ పక్క కుర్చీ కావాలంటే తొమ్మిదిన్నరకే వెళ్ళాలి, నీళ్ళ సీసా పట్టుకెళ్ళండి. ఇంట్లో పెద్దవాళ్ళుంటే తప్పకుండా తీసుకెళ్ళండి, మోకాళ్ళ నొప్పులని మానెయ్యకండి, మెట్లు రెండే.

మంగళవారం సాయంత్రం నేను కాశీమజిలీ కథల కోసం వెళ్ళాను. మొదటి భాగం అడిగితే కౌంటర్లో ఆయన తల అడ్డంగా ఊపారు, రెండో భాగం కూడా లేదండి, సోమవారం తలుపు తీసేసరికే ఇద్దరు కుర్రాళ్ళు అరుగు మీద కూర్చుని ఉన్నారు, చెరొకటీ పట్టుకుపోయారు అన్నారు. మూడోది ఉంది, తెచ్చుకున్నాను. మా అత్తయ్యగారు చదివి వినిపించమంటున్నారు, మొదటిది ఎప్పుడు తిరిగొస్తుందో అని మావాడు రోజూ అడుగుతున్నాడు.